వింజమూరు నుండి మైపాడుకు ఒకే బస్సులో

మా నాయనకు ఎనభై ఏళ్లు నిండిన సందర్భంగా ఈ మాఘమాసంలో మా కుటుంబమంతా, చంటిపిల్లలతో కలిపి నలభై మూడు మందిమి, నెల్లూరు జిల్లాలోని వింజమూరు నుండి ఒకే బస్సులో బయలుదేరి, జొన్నవాడ కామాక్షమ్మ దర్శనం చేసుకొని, అక్కడి నుండి మైపాడు సముద్రతీరానికి వెళ్లి రాత్రికి ఇల్లు చేరుకున్నాము. బస్సు మాట్లాడే బాధ్యతను ఇంట్లోవాళ్లు నాకు అప్పగించారు. ఆ పని మీద నెల రోజులు తిరిగి నేను తెలుసుకున్న సంగతులు మా ఊరి వంటి చిన్న ఊళ్లలో శుభకార్యాలకు బస్సు మాట్లాడుకునేవారికి పనికివస్తాయని ఇది రాస్తున్నాను.

బెంగుళూరులోనూ హైదరాబాదులోనూ ఉద్యోగాలు చేస్తున్న మా అన్న పిల్లలు మొదట కోరింది పార్టీ బస్సు. లోపల రంగురంగుల దీపాలు, పెద్ద సౌండు బాక్సులు, రెండు పక్కలా గోడ వెంబడి సోఫాల వంటి సీట్లు, మధ్యలో ఆడటానికి ఖాళీ జాగా ఉన్న బస్సుల వీడియోలను వాళ్లు నాకు పంపించారు. తాతయ్య పుట్టినరోజు సందడిగా జరగాలన్న వాళ్ల ఆశ నాకు ఎంతో నచ్చింది కనుక, కాదని అనకుండా నెల్లూరు వెళ్లి అటువంటి బస్సునొకదానిని స్వయంగా చూసి వచ్చాను. దీపాలు నిజంగానే అందంగా ఉన్నాయి. కానీ వెనుక అత్యవసర ద్వారం ఉండవలసిన చోట సౌండు బాక్సులు బిగించి ఉన్నాయి. పక్కకు తిరిగి ఉన్న ఆ సీట్లలో బ్రేకు వేసినప్పుడు పట్టుకోవడానికి కడ్డీ కూడా లేదు. తయారీదారు ఇచ్చిన నిర్మాణానికి విరుద్ధంగా బండిని మార్చకూడదని 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ చెబుతుంది. 2022 అక్టోబరులో కేరళలోని వడక్కంచేరి వద్ద విహారయాత్రకు వెళుతున్న బడిపిల్లల టూరిస్టు బస్సు ఆర్టీసీ బస్సును వెనుక నుండి ఢీకొని తొమ్మిది మంది చనిపోయిన తరువాత, అక్కడి హైకోర్టు ఇటువంటి దీపాలు, సౌండు బాక్సులు ఉండకూడదని గట్టిగా పట్టుబట్టింది. ఈ సంగతులన్నీ పిల్లలకు ఫోనులో వివరంగా చెప్పాను. పాటలు, ఆటలు సముద్రపు ఒడ్డున పెట్టుకుందామని, బస్సులో మాత్రం అందరూ కూర్చునే ప్రయాణం చేయాలని చెప్పినప్పుడు వాళ్లు కొంత నిరాశపడినా ఒప్పుకున్నారు.

నా దృష్టిలో ఇటువంటి ప్రయాణానికి బస్సును ఎంచుకోవలసింది అందరికంటె బలహీనంగా ఉన్నవారిని చూసి. మా నాయనకు మోకాళ్ల నొప్పులు. మా పెద్ద మేనత్త చేతికర్ర లేకుండా నాలుగడుగులు వేయలేదు. వీళ్లు ఎక్కలేని బస్సు ఎంత గొప్పదైనా మా వేడుకకు తగినది కాదు. అందుకని నేను చూసిన ప్రతి బస్సులోనూ ముందుగా మొదటి మెట్టు నేలకు ఎంత ఎత్తులో ఉందో, తలుపు పక్కన పట్టుకునే కడ్డీ గట్టిగా ఉందో లేదో చూశాను. ఏసీ గురించి, పుష్‌బ్యాక్ సీట్ల గురించి ఆ తరువాతే అడిగాను. చివరికి కుదిరిన బస్సులో కూడా మొదటి మెట్టు కొంచెం ఎత్తుగానే ఉండటంతో ఇంటి నుండి ఒక గట్టి చెక్కపీటను వెంట తీసుకువెళ్లాము. ఆ రోజు మొత్తం ప్రయాణంలో దానికంటె ఎక్కువగా ఉపయోగపడిన వస్తువు లేదు.

నాలుగేళ్ల క్రితం మా చెల్లెలి కూతురి పెళ్లికి అద్దె తక్కువని ఒక బడి బస్సును మాట్లాడి నేనే తప్పు చేశాను. దారిలో అధికారులు ఆపారు. పెళ్లివారమంతా, ముహూర్తం దగ్గర పడుతుండగా, రెండు గంటలకు పైగా రోడ్డు పక్కన చింతచెట్టు కింద నిలబడవలసి వచ్చింది. విద్యాసంస్థ బస్సు అంటే ఆ సంస్థ విద్యార్థులను, సిబ్బందిని ఆ సంస్థ పనుల మీద మాత్రమే తీసుకువెళ్లేదని చట్టంలోని నిర్వచనమే చెబుతున్నదని నాకు ఆనాడు తెలియదు. ఆలస్యం కంటె పెద్ద సమస్య బీమా. పర్మిట్ అనుమతించని పనికి బండిని వాడినప్పుడు ప్రమాదం జరిగితే, ఆ కారణాన్నే చూపి బీమా సంస్థ బాధ్యత నుండి తప్పుకోవడానికి వాదించవచ్చు. మా పల్లెల్లో ఇప్పటికీ పెళ్లిళ్లకు ట్రాక్టరు ట్రక్కుల్లోనూ సరుకుల ఆటోల్లోనూ ఆడవాళ్లనూ పిల్లలనూ ఎక్కించుకొని వెళుతున్నారు. ఆ దృశ్యం కనబడినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది.

బయానా ఇచ్చేముందు బస్సు నంబరును ప్రభుత్వం వారి ఎంపరివాహన్ యాప్‌లో కొట్టి చూస్తే ఫిట్‌నెస్ (బండి నడపడానికి తగినదేనని ఇచ్చే ధ్రువపత్రం), బీమా, పర్మిట్ గడువులు తెలిసిపోతాయి. ఎనిమిదేళ్లు దాటిన బస్సుకు ఏటేటా ఫిట్‌నెస్ చేయించాలి కనుక పాత బస్సుల విషయంలో ఆ తేదీని మరింత జాగ్రత్తగా చూడాలి. మనం మాట్లాడుకునే బస్సుకు ఉండవలసింది కాంట్రాక్టు క్యారేజి పర్మిట్, అంటే ఒక ఒప్పందం మీద బస్సు మొత్తాన్ని అద్దెకు ఇచ్చే అనుమతి. ఆ ఒప్పందంలో లేని ప్రయాణికులను దారిలో ఎక్కించుకోవడం కుదరదు. మా బంధువులు ఆరుగురు సంగం దగ్గర ఎక్కవలసి ఉండటంతో, వాళ్ల పేర్లను కూడా ముందుగానే ప్రయాణికుల జాబితాలో రాయించాను. ఆర్టీసీ వారు కూడా శుభకార్యాలకు బస్సులను అద్దెకు ఇస్తారు. పత్రాల గురించి ఇంత వెతుక్కునే తీరిక లేనివాళ్లు డిపోకు వెళ్లి అడగడం మంచిది.

అద్దె విషయంలో మా వంటి ఊళ్లవాళ్లు ముఖ్యంగా గమనించవలసింది ఖాళీ కిలోమీటర్లను. కిలోమీటరుకు ఇంత అని ట్రావెల్స్ వారు చెప్పినప్పుడు మన ఇంటి నుండి లెక్క మొదలవుతుందని మనం అనుకుంటాము. కానీ లెక్క వాళ్ల షెడ్డు దగ్గర మొదలై మళ్లీ షెడ్డు దగ్గరే ముగుస్తుంది. నెల్లూరు నుండి వింజమూరుకు బస్సు ఖాళీగా వచ్చింది, రాత్రి మమ్మల్ని దించి ఖాళీగానే తిరిగి వెళ్లింది. మేము డబ్బు చెల్లించిన దూరంలో మూడో వంతుకు పైగా మేము ఎక్కని దూరమే. ఇది అన్యాయమని నేను అనను, డీజిలు ఖర్చు ఎవరో ఒకరు భరించాలి కదా. అయితే ఆ సంగతిని ముందుగా చెప్పకపోతే చివరిలో మాట పట్టింపులు వస్తాయి. అందుకే షెడ్డు నుండి షెడ్డుకా, రోజుకు కనీసం ఎన్ని కిలోమీటర్లకు డబ్బు కట్టాలి, డ్రైవర్ బత్తా, టోలు, పార్కింగు ఎవరివి అనే విషయాలను ఒక కాగితం మీద రాయించుకొని సంతకం తీసుకున్నాను. బయలుదేరేటప్పుడు మీటరు రీడింగును ఫోటో తీసి పెట్టుకున్నాను.

ఇక డ్రైవర్ సంగతి. 2023 జూలైలో పొదిలి నుండి కాకినాడకు పెళ్లి రిసెప్షన్ కోసం బయలుదేరిన అద్దె బస్సు అర్ధరాత్రి వేళ దర్శి దగ్గర సాగర్ కాలువలో పడిపోయి ఏడుగురు మరణించారు. పొదిలి మాకు దూరపు ఊరేమీ కాదు. ఆ వార్త విన్ననాటి నుండి మా ఇంట్లో రాత్రి ప్రయాణం పేరెత్తితే మా అమ్మ ఒప్పుకోదు. రాత్రంతా వెళితే తెల్లవారేసరికి చేరిపోతామని, ఒక పూట కలిసివస్తుందని మనవాళ్లు సాధారణంగా అనుకుంటారు. ఆ పూట డ్రైవర్ నిద్రలో నుండి తీసుకున్నదని మరచిపోతారు. మోటారు రవాణా కార్మికుల కోసం 1961లో చేసిన చట్టం, 2025లో కొత్త కార్మిక చట్టాలు దాని స్థానంలోకి వచ్చేదాకా, వాళ్ల పని రోజుకు ఎనిమిది గంటలని, ఐదు గంటలకు మించి విరామం లేకుండా పని చేయించకూడదని, ఆ విరామం కనీసం అరగంట ఉండాలని చెప్పేది. మేము పొద్దున ఐదున్నరకు బయలుదేరి రాత్రి తొమ్మిదికి తిరిగి రావాలనుకున్నాము కనుక ఇద్దరు డ్రైవర్లు కావాలని అడిగి, రెండో బత్తా మేమే ఇచ్చాము. ముందురోజు రాత్రి ఇంకెక్కడికైనా బండి నడిపి నేరుగా మా దగ్గరకు వస్తున్నారా అని కూడా అడిగి తెలుసుకున్నాను. అటువంటి ప్రశ్న అడగడానికి మొహమాటపడవద్దని నా మనవి.

ఆ రోజు సంగం, బుచ్చిరెడ్డిపాళెం మీదుగా జొన్నవాడ చేరేసరికి ఎండ ఇంకా ఎక్కలేదు. దర్శనం అయ్యాక పెన్న ఒడ్డున అరిటాకుల్లో పులిహోర, దద్దోజనం వడ్డించుకొని తిన్నాము. బస్సులో గ్యాసు బండ, పొయ్యి పెట్టకూడదని వంటంతా తెల్లవారుజామునే ఇంట్లో ముగించాము. నెల్లూరులో ఆగి పిల్లలకు మలై కాజా కొనిపెట్టి, ఇందుకూరుపేట దాటి మైపాడు చేరేసరికి మూడు గంటలైంది. డ్రైవర్లిద్దరూ నీడన బస్సు ఆపి నిద్రపోయారు. మా అన్న పిల్లలు తెచ్చిన చిన్న స్పీకరు ఒడ్డున మోగింది, అక్కడ వాళ్లు ఆడినంతసేపు ఆడారు, వాళ్లతో పాటు మా వదినలు కూడా ఆడారు.

మా పెద్ద మేనత్త వయసు డెబ్బై ఆరు. జిల్లాలోనే పుట్టి పెరిగినా ఆమె అంతకుముందు సముద్రాన్ని చూడలేదు. ఇద్దరం చెరొక పక్కా పట్టుకొని తడి ఇసుక దాకా నడిపించాము. అల పాదాలను తాకి వెనక్కి పోయినప్పుడు ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకొని, "అబ్బయ్యా, మీ మామ ఉండి ఉంటే ఆయన్ని కూడా తీసుకొచ్చేవాడివి గదా" అన్నది. పొద్దు వాలేదాకా అక్కడి నుండి కదలనన్నది. మేము ఐదున్నరకు బయలుదేరాలనుకున్నాము. ఆమె కోసం మరో అరగంట ఆగాము. ఒప్పందంలో రాసిన వెయిటింగు లెక్కలోకి ఆ అరగంట వచ్చిందని ట్రావెల్స్ వారు చెప్పినప్పుడు నేను సంతోషంగా కట్టాను. రాత్రి తొమ్మిదిన్నరకు మా వీధి మొదట్లో అందరినీ దించి, పీట మీద మేనత్త కాలు ఆనేదాకా డ్రైవర్ దీపాలు ఆర్పకుండా నిలబడ్డాడు.