మధ్యలో ఇంగ్లీషు ఎందుకమ్మా

"టీచరుతో మీటింగ్‌కి ఈసారి నువ్వే వెళ్లు. నేను రాను" అనేసింది మా అమ్మాయి. మూడో క్లాసు. ఇన్నాళ్లూ పక్కన కూర్చుని నేను ఇటాలియన్లో తడబడ్డప్పుడల్లా మాట అందించేది. ఈ అలకకి కారణం క్లాసు తల్లుల వాట్సాప్ గ్రూపు. పిల్లల్ని ట్రిప్‌కి తీసుకెళ్తున్నారంటే, చాలా ఎక్సైటెడ్‌గా ఉన్నానని చెప్పబోయి "సోనో ఎచ్చితాతా" అని పెట్టాను. ఇటాలియన్లో ఆ మాట వింటే ముందు తోచేది పడగ్గది ఉత్సాహం. "నోన్ వేదో లోరా" అనాలట, ఎప్పుడెప్పుడా అని చూస్తున్నాననే అర్థంలో. స్నేహితురాలి అమ్మ తెగ నవ్విందని మా పిల్లకి తెలిసింది. ఎందుకు నవ్విందో తెలియదు, నేను చెప్పను.

మిలాన్ వచ్చినప్పటి నుంచీ నా పద్ధతి ఇదే. ముందు ఇంగ్లీషులో అనుకుంటాను, తర్వాత ఇటాలియన్లోకి తిప్పుతాను. "మధ్యలో ఇంగ్లీషు ఎందుకమ్మా? తెలుగులోంచి రావచ్చు కదా" అంది ఇదే పిల్ల ఒకసారి.

ఆలోచిస్తే నిజమే. ఐ లైక్ నుంచి బయల్దేరితే, అదే అర్థమున్న ఇటాలియన్ "మీ ప్యాచే" ఎప్పటికీ తిరకాసే. నచ్చిన వస్తువు కర్త అవుతుంది, నేను "నాకు" అయిపోతాను. మనం "నాకు నచ్చింది" అన్నప్పుడు జరిగేదీ అదే కదా. ఆకలి కూడా ఇంగ్లీషువాళ్లలా "నేను ఆకలిగా" కాదు. "ఓ ఫామే" అంటారు, ఆకలి ఉంది అని. ఇక "యు" మీదుగా వచ్చి నేను చేసిన అమర్యాద చెప్పుకుంటే సిగ్గు. మందుల షాపులో పెద్దావిడని ఎంతకాలం "తూ" అన్నానో! "లేయి" అనాలి, మన మీరులాగా. మా నాయనమ్మ వింటే చెవి మెలిపెట్టేది.

తెలుగు మాట్లాడితే ఫైను వేసే స్కూల్లో చదివాను. ఆ భయం ఇంకా పోలేదేమో, తెలివిగా కనిపించాలంటే ఇంగ్లీషే అనిపిస్తుంది. ఇంట్లో మాత్రం తెలుగే మాట్లాడాలని పిల్లకి రూలు పెట్టాను. శనివారం దాన్ని ఇంగ్లీషు క్లాసుకి దింపేదీ నేనే. రేపు కెనడా వెళ్లాల్సొస్తే?

కొన్నిటికి ఏ దారీ లేదు. పరీక్షకి వెళ్లే పిల్లకి ఇక్కడ "ఇన్ బోక్కా అల్ లూపో" అని చెప్తారు, తోడేలు నోట్లోకి అని. జవాబు "క్రేపి", అది చావాలి అని. శుభం పలకరా మంకెన్నా అంటే ఇదా! నేను "ఆల్ ది బెస్ట్" అనే పంపిస్తాను. అదీ ఇంగ్లీషే, ఏం చేయను.

కొత్తగా వచ్చినవాళ్లకి "తెలుగులోంచే అనువదించుకోండి" అని సలహా ఇవ్వడం మొదలుపెట్టాను. ఆ ధీమాతోనే పక్కింటావిడ దగ్గర సెలవు తీసుకుంటూ, వెళ్లొస్తాను అనే ఉద్దేశంతో "వాదో ఎ తోర్నో" అన్నాను. ఇప్పుడే వచ్చేస్తా అని దానర్థం. పాపం ఆవిడ ఇంకో కాఫీకి పొయ్యి వెలిగించి కూర్చుంది. "చావ్" అంటే సరిపోయేదిగా అన్నారు మావారు. ఆయన ఆఫీసులో అందరూ ఇంగ్లీషే మాట్లాడతారు, ఆయనకేం.

ఈ టర్ము ఇంగ్లీషు క్లాసు ఫీజు కట్టాలో మానాలో ఇంకా తేలలేదు. కట్టేస్తాననే అనుకుంటున్నాను.