పన్నెండు గీతలు

చిన్నప్పుడు నాకు కామెర్లొస్తే అమ్మమ్మ నేల ఉసిరి నూరి మజ్జిగలో కలిపి తాగించింది. ఆ చేదు ఇప్పటికీ మర్చిపోలేదు. పీహెచ్‌డీకి మొక్క ఎంచుకోమన్నప్పుడు అందుకే వేరే ఆలోచన రాలేదు. ఆ చేదు పదార్థం పేరు ఫిల్లాంథిన్. రసాయన శాస్త్రవేత్త టి.ఆర్. శేషాద్రి గారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఉన్న రోజుల్లో, 1946లో దాని మీద పేపర్ వచ్చింది. 1960లలో ఎల్. రామచంద్రరావు గారి బృందం వాల్తేరులోనే దాని నిర్మాణం తేల్చింది. ఇంత దగ్గర చరిత్ర ఉన్న పదార్థాన్ని నా చేతులతో తీయాలనిపించింది.

మొదటిసారి ఎండబెట్టిన మొక్క రెండు కిలోలు కొన్నాను. సారంలోని పదార్థాలను మచ్చలుగా విడదీసి చూపే టీఎల్‌సీ ప్లేటు మీద ఫిల్లాంథిన్ మచ్చే లేదు. సాల్వెంట్లు మార్చాను, ప్లేట్లు మార్చాను, రెండు నెలలు గడిచాయి. చివరికి బోటనీ సార్ అడిగారు: "హెర్బేరియం షీటు చేశావామ్మా?"

మొక్క ఏ జాతిదో తేల్చి, ఎండబెట్టి కాగితానికి అంటించి దాచే నమూనా అది. చెయ్యలేదు.

సంచిలోంచి ఎండు పువ్వొకటి తీసి నీళ్లలో నానబెట్టి, లెన్స్ కింద పెట్టి నన్ను లెక్కపెట్టమన్నారు. రేకులు ఆరున్నాయి. "మనకి కావాల్సిన ఫిల్లాంథస్ అమారస్ జాతికి ఐదే ఉంటాయి" అన్నారు. నేల ఉసిరి పేరుతో మన పొలాల్లో నాలుగైదు జాతులు కలిసి పెరుగుతాయి, కోసేవాళ్లకి అన్నీ ఒకటే. పాత పేపర్లలో రాసిన ఫిల్లాంథస్ నిరూరి అసలు అమెరికా ఖండాల మొక్కనీ, మన దగ్గర ఆ పేరుతో చెలామణీ అయినది చాలావరకు అమారసేననీ ఆ రోజే తెలిసింది. మందుమొక్కల మీద పనిచేసేవాళ్లెవరైనా సరే, షీటు చేయకుండా ఒక్క ఆకు కూడా పొడి చేయకండి.

వానలు పడగానే గట్ల వెంట నేనే తిరిగాను. ఒక్కో మొక్కా పీకడం, పువ్వు చూడడం, ఐదు రేకులుంటేనే సంచిలో వేయడం. నీడన ఆరబెట్టి, పొడిచేసి, సాక్స్‌లెట్ అనే గాజు పరికరంలో హెక్సేన్ ద్రావకంతో సారం తీస్తే నల్లపచ్చని జిగురు వచ్చింది. ఈసారి మచ్చ కనబడింది!

ఆ జిగురులోని పదార్థాలను విడదీసే సిలికా కాలమ్, అంటే సిలికా పొడి నింపిన గొట్టం, మాత్రం ఏడిపించింది. హెక్సేన్‌లో ఎథైల్ అసిటేట్ కొంచెం కొంచెంగా పెంచుతూ రాత్రి దాకా టెస్ట్‌ట్యూబులు మార్చేదాన్ని. హైపోఫిల్లాంథిన్ అనే తోడబుట్టినది దాన్ని అంటిపెట్టుకునే దిగేది. మూడో కాలమ్‌కి గానీ రెండూ విడిపోలేదు. ఫ్రిజ్‌లో పెట్టిన గొట్టంలో తెల్లారేసరికి తెల్లని సూదులు. 97-98 డిగ్రీల దగ్గర కరిగాయి, ఫిల్లాంథిన్‌లాగే.

అణువులోని కార్బన్లను గీతలుగా చూపే ఎన్‌ఎమ్‌ఆర్ కాగితం చేతికొచ్చినప్పుడు మళ్లీ గుండె జారింది. ఫిల్లాంథిన్‌లో 24 కార్బన్లుండాలి, నా స్పెక్ట్రంలో 12 గీతలే ఉన్నాయి. సగం అణువు ఎక్కడో విరిగిపోయిందనుకున్నాను. అణువు బరువు చెప్పే మాస్ రిపోర్ట్ వచ్చేదాకా నిద్రలేదు. అందులో 441 దగ్గర శిఖరం. అణువుకి అంటుకున్న సోడియం 23 తీసేస్తే 418, అది ఫిల్లాంథిన్ బరువే, అంటే అణువు మొత్తం ఉన్నట్టే.

"బొమ్మ గీసి చూడు" అన్నారు గైడ్ మేడమ్. గీశాను. మధ్య బంధం మీద పిన్ను గుచ్చి కాగితాన్ని సగం చుట్టు తిప్పమన్నారు. తలకిందులైనా బొమ్మ అచ్చం మునుపటిలాగే ఉంది. ఈ సగంలోని ప్రతి కార్బన్‌కీ ఆ సగంలో ఒక జత ఉంది. జతకి ఒక్కటే గీత.