పుట్టిన బిడ్డల బరువులు నార్మల్‌గానే ఉన్నాయా?

ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం బరంపురంలో ఒక ఆసుపత్రి ప్రసూతి రిజిస్టర్ల నుంచి పుట్టిన బిడ్డల బరువులు ఎక్కించుకున్నాను. ఆరు వందల పైచిలుకు. పేర్లతో పని లేదు. బరువు, ఎన్నో వారంలో కాన్పు, ఆడో మగో, అంతే. కొన్ని పేజీల్లో అంకెలు ఒడియాలో ఉన్నాయి. గంజాం జిల్లా బడుల్లో చదివినవాడికి అదేం ఇబ్బంది కాదు.

మగపిల్లల, ఆడపిల్లల సగటు బరువులను, వాటి తేడా కాకతాళీయమా కాదా చూసే టి-టెస్ట్‌తో పోల్చాలి. "ముందు డేటా నార్మల్‌గా ఉందో లేదో చూడు" అన్నారు గైడ్ గారు. అంటే విలువలు సగటుకు రెండు పక్కలా గంట ఆకారంలో పరుచుకున్నాయో లేదో చూడమని. అది తేల్చే షాపిరో-విల్క్ పరీక్ష పెడితే పి విలువ (డేటా నిజంగా నార్మల్ అయితే ఇంత తేడా కనిపించే అవకాశం) 0.05 కంటే బాగా తక్కువ. అంటే నార్మల్ కాదన్నమాట. కానీ 1965 నాటి ఆ పరీక్షకు ఒక గుణం ఉంది: శాంపిల్ పెద్దదైతే పిసరంత తేడానీ పట్టేస్తుంది, పదీ ఇరవై విలువలే ఉంటే పెద్ద వంకరనీ వదిలేస్తుంది. దాని మాట అలా ఉంచి హిస్టోగ్రామ్ గీశాను, ఏ బరువు మేరలో ఎందరున్నారో చూపే కడ్డీల బొమ్మ.

తరగతి అంతరం, అంటే ఒక్కో కడ్డీలోకి వచ్చే బరువుల మేర, 50 గ్రాములు పెడితే బొమ్మ పళ్లూడిన దువ్వెనలా వచ్చింది. 2.5 కిలోల దగ్గరా, 3 దగ్గరా కడ్డీలు నిలువునా లేచాయి, వాటి పక్కన దాదాపు ఖాళీ. అంతరం 250 గ్రాములకు పెంచి, తరగతి అంచు సరిగ్గా 2.5 మీద పడకుండా జరిపితే అదే డేటా బుద్ధిగా గంట ఆకారంలోకి వచ్చేసింది! బొమ్మ చూసి నమ్మేవాళ్లు ముందు అంతరం ఎంతో అడగాలి.

మరి ఆ 2.5 సంగతేమిటి? రిజిస్టర్లు చూసే సిస్టర్ గారిని అడిగాను.

"బిడ్డ కాళ్లాడిస్తుంటే ముల్లు నిలబడదు కదా బాబూ. ఏటి చేస్తాం, దగ్గరున్న పెద్ద గీత చూసి రాసేస్తాం."

క్యూ-క్యూ ప్లాట్‌లో ఇదంతా ఇంకా తేటగా కనిపించింది. డేటా నార్మల్ అయితే ఆ బొమ్మలో చుక్కలన్నీ ఒకే తిన్నని గీత మీద పడాలి. మధ్యలో చుక్కలు గీత వెంటే నడిచాయి, కాకపోతే ఒకే బరువు పదే పదే రావడంతో మెట్లు మెట్లుగా. ఎడమ కొస మాత్రం గీత కిందికి జారిపోయింది. అవి నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల బరువులు. 37 వారాలు నిండిన కాన్పులే తీసుకుని గీస్తే ఆ జారుడు చాలావరకు పోయింది, మెట్లు మిగిలాయి.

సగటులు పోల్చడానికి ఇది చాలు. వందల్లో శాంపిల్ ఉంటే ఈపాటి వంకరకు టి-టెస్ట్ తొణకదు. చిక్కల్లా తక్కువ బరువు బిడ్డల శాతం దగ్గరే. 2.5 కిలోల లోపు ఉంటేనే ఆ లెక్కలోకి వస్తారు. ముల్లు ఊగి 2.5 రాసిన ప్రతి 2.4 కిలోల బిడ్డా బయటికి పోతుంది. అందుకని ఆ శాతం పక్కనే 50 గ్రాముల హిస్టోగ్రామ్ కూడా వేసి, అసలు సంఖ్య ఇంతకంటే ఎక్కువే ఉండొచ్చని రాశాను.