పిచ్చాటూరు పక్క బురదలో పాలబండి, మా పాత థార్

ఆఫ్‌రోడ్ బండి అంటే చాలామందికి పైన లైట్ల బారు, పక్కన స్నార్కెల్ అనే గాలి గొట్టం, టాప్ మీద క్యారియరు, ఫోటోలో బాగుంటాయి కాదనను. మా గుంపులో నా పాత మహీంద్రా థార్ జీపుకి పడిన పని మాత్రం వేరే, అందరికంటే ఆఖర్న వచ్చి ఇరుక్కున్నోళ్లని బయటికి లాగడం, ఆ పనికి లైట్లు ఎన్నుంటే ఏం లాభం. అందుకే పోయిన నవంబరు ఆఖర్లో నాగలాపురం, పిచ్చాటూరు పక్కకి పోదాం అనుకున్నప్పుడు బండిని మొత్తం ఆ లెక్కలోనే సర్దుకున్నాం. నవంబరే ఎందుకంటే మాకు గట్టి వానలు పడేది ఈశాన్య రుతుపవనాలప్పుడు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, 2021లో తిరుపతి వీధుల్లో పడవలు తిరగాల్సినంత నీళ్లొచ్చింది కూడా నవంబర్లోనే. బురద చూడాలంటే అప్పుడే చూడాల, జూన్‌లో పోతే దుమ్మే.

ముందు వించ్ సంగతి చెప్తా, అంటే మోటారుతో డ్రమ్ముకి తాడు చుట్టుకుంటా బండిని లాగే మిషను. నాది 9500 పౌండ్లది, అంటే సుమారు 4300 కిలోలు. బండి నిండా లోడుతో ఎంత తూగుతుందో దానికి కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలని ఒక లెక్క, నా థార్‌కి సరిపోతాది. కాకపోతే ఆ 4300 అనేది డ్రమ్ముకి అంటుకోని ఉండే మొదటి వరస మీద లాగినప్పటిది, తాడు పైపైన వరసలు చుట్టుకోని ఉంటే బలం తగ్గిపోతా వస్తాది, డబ్బాలో వచ్చిన పుస్తకంలో పట్టిక కూడా ఉంటాది, ఎవరూ చూడరు. ముందర బుల్‌బార్, అంటే బంపర్ మీద ఇనప కమ్మీల గార్డు, పెట్టి దాంట్లో బిగించుకోవడం అందరూ చేసే పని, కానీ 2017 డిసెంబర్లో కేంద్ర రవాణా శాఖ బుల్‌బార్లు, క్రాష్ గార్డులు పెట్టినోళ్ల మీద చర్య తీసుకోమని రాష్ట్రాలకి రాసింది, రోడ్డు మీద ఆపితే సమాధానం చెప్పుకోవాల. నేను బండి వెనక 2 అంగుళాల రిసీవర్, అంటే చదరపు గొట్టం లాంటి సాకెట్టు, పెట్టించి, వించ్‌ని విడిగా ఒక ఫ్రేములో బిగించి, అవసరమైనప్పుడు దూర్చి పిన్ను వేసేటట్టు చేయించినా. బ్యాటరీ నుంచి వెనక దాకా లావు కేబుల్, మధ్యలో పెద్ద ప్లగ్గు, ఎందుకంటే గట్టిగా లాగేటప్పుడు ఇది 400 ఆంపియర్ల దాకా పీలుస్తాది, ఇంజను ఆపి లాగితే బ్యాటరీ కాస్తా గోవిందా. ఇంకోటి, వించ్ వెనక ఉంటేనే ఈ పనికి సుఖం, ఇరుక్కున్నోడి కాడికి రివర్సులో పోతాం, పని అయినాక మూతి ముందుకే ఉంటాది గదా, వచ్చేయొచ్చు.

వించ్‌ల గురించి అందరూ మాట్లాడతారు గానీ నాకు ఈ పనిలో తెలిసొచ్చింది ఏందంటే మన బండి ఎంత బలంగా ఉన్నా ఎదుటోడి బండికి తగిలించే చోటు లేకపోతే అంతా వేస్ట్. మన హుక్కు మనకి తెలుసు, వాడిది? కొత్త కార్లకి బంపర్లో చిన్న మూత తీస్తే మరలోకి తిప్పే కొక్కెం ఒకటి ఉంటాది, అది జాకీ సామాన్లతో పాటు ఎక్కడో పడుంటాది, సగం మంది దాన్ని ఎప్పుడూ చూసి కూడా ఉండరు. అడిగితే "అన్నా మా బండికి రాలేదన్నా" అంటారు. ఒక్కో కంపెనీది ఒక్కో మర, కొన్నిటికి ఎడమ మర కూడా ఉంటాది, అందుకని పాత సామాన్ల అంగట్లో దొరికినప్పుడల్లా రకానికొకటి కొని డబ్బాలో వేసి పెట్టినా. అయినా అది రోడ్డు మీద టోయింగుకి ఇచ్చిన కొక్కెం, బురదలోంచి పీకడానికి కాదు, నిదానంగా లాగే పనికైతే సరే. రెండోది సాఫ్ట్ షాకిల్స్, తాడుతో చేసిన కొలికీలు, ఇనప డి-షాకిల్ దూరని సందుల్లో కూడా దూరతాయి, తెగినా ఇనప ముక్క ఎగరదు. మూడోది బ్రిడిల్, అంటే చాసిస్ రెండు పక్కలకీ తగిలించి బరువు సమంగా పంచే పొడుగు స్ట్రాపు. ట్రైలర్ తగిలించే గుండు ఉంటాది చూడండి బండ్ల వెనక, దానికి మాత్రం చచ్చినా తాడు వేయొద్దు, అది విరిగి ఎగిరి మనుషులు పోయిన కేసులు ఆస్ట్రేలియాలో ఉన్నాయి. బతికి బయటపడితే విరిగిన ఎముకలకి పుత్తూరు కట్టుకి పోవాల్సిందే, దావలోనే ఉండాది లెండి.

గొడ్డలి, రంపం ఏమన్నా పెట్టుకుందామా అని మా బామ్మర్ది అడిగినాడు, ఆఫ్‌రోడ్ వీడియోల్లో అందరి బండ్లల్లోనూ ఉంటాయంట. వద్దప్పా అన్నా. శేషాచలం చుట్టుపక్కల బండిలో తాళ్లు, పుల్లీలు, దాంతో పాటు రంపం కూడా కనపడిందంటే ఎర్రచందనం అనుకోకుండా ఇంకేమనుకుంటారు. పార ఒకటి, గోనె సంచులు, టైర్లకి గాలి కొట్టే కంప్రెసర్, పంక్చర్ కిట్టు, మందుల డబ్బా, చేతికి తోలు గ్లోవ్స్, అంతే. హై-లిఫ్ట్ జాకీ కూడా దించేసినా, బంకమట్టిలో అది నిలబడదు, జారిందంటే పిడి వచ్చి మొహానికే తగుల్తాది.

తెల్లారే బయల్దేరినాం, నా థార్, ఒక మారుతి జిమ్నీ, ఇంకో థార్. వడమాలపేట దాటి పుత్తూరులో ఇడ్లీ, నారాయణవనంలో దండం, నాగలాపురంలో వేదనారాయణస్వామి గుడి, శ్రీకృష్ణదేవరాయలు తల్లి నాగలాంబ పేరు మీద వెలిసిన ఊరు, మూలవిరాట్టు మత్స్యావతారం, చూడకుండా పోతే మా అమ్మ ఊరుకోదు. అడవిలోకి పోలేదు, పర్మిషన్ లేకుండా అక్కడ బండ్లు తిప్పడం నాకు ఇష్టం లేదు, చెరువు కట్టల పక్క దావలు, మామిడి తోటల మధ్య మట్టి రోడ్లు, అరణియార్ ప్రాజెక్టు పక్క పల్లెలు, మా తిరుగుడంతా వీటి మీదే.

మధ్యాహ్నానికే జిమ్నీ అన్న ఒక చిన్న చెరువు అలుగు కింద దిగబడినాడు. అందరూ తాడు తాడు అని అరస్తా ఉంటే నేను పార తీసినా. బురదలో చక్రం ముందర మట్టి గోడ ఉంటాది, కింద పొట్ట ఆనుకోని ఉంటాది, ఈ రెండూ తియ్యకుండా లాగితే బండి బరువుకి ఇంకో బండి బరువు కలిపి లాగినట్టే. నాలుగు టైర్లలో గాలి 28 పీఎస్ఐ నుంచి 18కి దించినాం, టైరు అడుగు వెడల్పు, పొడుగు అవుతాది, పట్టు వస్తాది. చక్రాల కింద గోనె సంచులు తోసినాం, జిమ్నీ తేలిక బండి, 1200 కిలోలు ఉంటాదేమో, తాడు బయటికి తియ్యకుండానే దానంతట అది వచ్చేసింది. బామ్మర్ది మొహం చూడాల, వీడియో తీద్దామని ఫోన్ పట్టుకోని నిలబడి ఉండినాడు.

అసలు పని సాయంత్రం పడింది. పిచ్చాటూరు నుంచి లోపలికి ఒక పల్లె కాడ చెరువు కట్ట పక్క దావలో పాల క్యాన్లు తోలే చిన్న బండి ఒకటి ఎడమ చక్రాలు రెండూ జారి పక్క కయ్యిలోకి ఒరిగి ఉండాది. డ్రైవరు చిన్న పిల్లోడు, ఇరవై ఏళ్లు కూడా ఉండవు, చెప్పులు బురదలో పోయి ఒట్టి కాళ్లతో నిలబడి ఉండాడు. "అన్నా, పాలు కూలర్ కాడికి చేరాల అన్నా, లేటయితే ఇరిగిపోతాయి, నన్ను తిడతారు" అంటాడు. కూలర్లో 4 డిగ్రీలకి దించేదాకా పాలకి గ్యారంటీ లేదు, అది మా జిల్లాలో ఎవర్ని అడిగినా చెప్తారు. ట్రాక్టర్ కోసం మనిషిని పంపినారంట గానీ ఇంకా రాలేదు. మా పల్లెల్లో ట్రాక్టరే వించ్, తప్పేం లేదు, కాకపోతే తాడు వెనక కింద ఉండే డ్రాబార్ అనే ఇనప పట్టీకే కట్టాల, పైన యాడన్నా కడితే ముందు చక్రాలు లేచి డ్రైవర్ మీదికే తిరగబడతాది.

ముందు క్యాన్లు దించండి అన్నా. 40 లీటర్ల క్యాను, నిండుగా ఉంటే రేకుతో కలిపి 40 కిలోల పైనే, పదిహేను దాకా ఉండాయి, అంటే 600 కిలోల పైనే, మనుషులు వరసగా నిలబడి చేతులు మార్చుకుంటా దావ మీద పెట్టినారు. తరవాత ఎటు లాగాలా అనే చర్చ. అందరూ ముందుకి అంటారు, బండి పోవాల్సింది అటే కాబట్టి. నేను వెనక్కే అన్నా, వచ్చిన దావలో గాడి పడిపోయి ఉంటాది, అట్లయితే కొత్త మట్టి తొయ్యాల్సిన పని లేదు.

ఇంకో చిక్కు ఏందంటే దావంతా తడిసిన బంకమట్టి, నేరుగా లాగితే వాడు పైకి రావడం అటుంచి నేనే వాడి కాడికి జారతా. అందుకని పుల్లీ పెట్టినాం. వించ్ తాడు నా బండి నుంచి పోయి పాలబండికి కట్టిన పుల్లీలో తిరిగి మళ్లీ నా పక్కకే వచ్చి చెట్టుకి కట్టుకుంటాది, అప్పుడు పాలబండి మీద రెండింతల లాగుడు, నా బండి మీద ఒక్కింతే, మిగతాది చెట్టు మోస్తాది. స్పీడు సగం అవుతాది, అవనీ, తొందరేముంది. నా పక్కనే పెద్ద చింతచెట్టు ఉండాది.

స్ట్రాపు చుట్టబోతా ఉంటే ఆ పక్కింట్లోంచి ఒక అవ్వ కర్ర పట్టుకోని వచ్చేసింది. "నా చెట్టుకి తాడు కడతారా, రాండి ఇటు చూపిస్తా" అని నన్ను చెట్టు అవతల పక్కకి తీసకపోయింది. నడుమెత్తున బెరడు చుట్టూ వేలు పట్టేంత గాటు, బెరడు ఉబ్బి అటూ ఇటూ పెదవులు కట్టి ఉండాది, ఎప్పుడో ఎవరో లారీని లాగడానికి ఇనప తాడు వేసినారంట. "ఆ ఏడు సగం కొమ్మలు ఎండిపొయినాయి" అనింది. నేను స్ట్రాపు ఆమె చేతికే ఇచ్చినా, జానెడు వెడల్పు, మెత్తగా. అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది మంచం నవారు మాదిరి ఉండాదే" అని, కింద ఇంకో రెండు గోనె సంచులు వేయమనింది. వేసినాం. చెట్టుకి కట్టేటప్పుడు ఎంత కిందికి కడితే అంత మంచిది, అది కూడా అవ్వే చెప్పింది, నేను చెప్పక ముందే.

పాలబండి వెనక చాసిస్‌కి బ్రిడిల్, అంచు పదునుగా ఉన్న చోట గోనె ముక్క, మధ్యలో సాఫ్ట్ షాకిల్‌తో పుల్లీ, తెగితే ఎగిరి కొట్టకుండా రెండు తాళ్ల మీదా తడి దుప్పట్లు. ఇక పిలకాయలు, అబ్బబ్బ, ఈ తాడు కాడ నిలబడి సెల్ఫీలు తీసుకునే పిలకాయల్ని తరమడం కంటే బండి లాగడమే సులువు. తాడు ఎంత పొడుగుంటే దానికి ఒకటిన్నర రెట్లు దూరం పోవాల, తాడుల మధ్యలోకి అసలు రాకూడదు. చివరికి అవ్వ కర్ర ఎత్తితే పొయినారు.

డ్రైవర్ పిల్లోడిని న్యూట్రల్లో పెట్టి స్టీరింగ్ మాత్రం నేరుగా పట్టుకోమన్నా, యాక్సిలరేటర్ తొక్కొద్దు. రిమోట్ పట్టుకోని నా బండి అవతల నిలబడి మెల్లిగా నొక్కినా. తాడు లేచి బిగిసింది, బిగిసే కొద్దీ అందులో పట్టిన నీళ్లు సన్న చుక్కలుగా బయటికొచ్చి టార్చి వెలుగులో కనపడినాయి. మోటారు సౌండు మారింది. బండి కదల్లేదు, కదల్లేదు, ఉన్నట్టుండి చక్రం కింద బురద పెద్దగా గుటకేసినట్టు సౌండొచ్చి వెనక చక్రం జానెడు లేచింది. ఆపినా. మోటారు మీద చెయ్యి పెట్టి చూస్తే కాలతా ఉండాది, రెండు నిమిషాలు ఆగి మళ్లీ. అట్ల ఆపి ఆపి లాగతా ఉంటే మొత్తానికి గాడిలో పడింది, గాడిలో పడినాక ఇంక బరువే తెలీలేదు, దావ మీదికి వచ్చేసింది. ఆ పిల్లోడు నాతో ఒక్క మాట కూడా మాట్లాడకుండా క్యాన్లు ఎక్కించుకోవడానికి పరిగెత్తినాడు, అదే కరెక్టు, టైము లేదు. అవ్వ టార్చి అడిగి తీసుకోని చెట్టు చుట్టూ తిరిగి బెరడు చూసుకోని, ఏమనకుండా లోపలికి పొయింది. గీత కూడా పడలేదు, నేను కూడా చూసినా.

వెనక్కి వచ్చేటప్పుడు ఒక చెక్‌పోస్టు కాడ ఆపినారు. వెనక తలుపు తెరిస్తే బురద తాళ్లు, పుల్లీ, గ్లోవ్స్, పార. "యాడ కోసినారు?" అని మొదటి ప్రశ్నే అది. మొత్తం కథ చెప్పినా నమ్మినట్టు లేరు, బామ్మర్ది తీసిన వీడియో ఉండాది కాబట్టి సరిపొయింది, అందులో అవ్వ కర్రతో పిలకాయల్ని తరిమేది చూసి మమ్మల్ని ఆపినాయన నవ్వినాడు. రంపం లేదు కదా అని బామ్మర్ది వైపు చూసినా, వాడు కిటికీలోంచి బయటికి చూస్తా ఉండాడు.

మర్నాడు మేడ మీద తాడు మొత్తం విప్పి మంచినీళ్లతో కడిగినాం, సింథటిక్ తాడు లోపల ఇసక దూరితే అదే పోగుల్ని కోసేస్తాది, బయటికి బాగానే కనపడతాది, ఒకరోజు టక్కున తెగుతాది. ఎండలో కాదు, నీడలో ఆరబెట్టాల. ఒక చోట, బ్రిడిల్‌కి చాసిస్ అంచు తగిలిన కాడ, పోగులు లేచి ఉండాయి, ఇంకా గోనె ముక్క సరిపోలేదన్న మాట, దానికి పాత ఫైర్ సర్వీస్ గొట్టం ముక్క తొడిగేది ఎవరో చెప్పినారు, అది వెతుకుతా ఉండా. ఇంకో చెట్టు స్ట్రాపు కూడా కొనాల, ఒకటి బురద పట్టి ఆరేలోపు ఇంకోటి కావాల్సొస్తాది.