విరాళాల విందుకు వెళ్ళొచ్చాను

టికెట్లు కొన్నది మా అక్క. పిల్లల గుండె ఆపరేషన్ల కోసం డబ్బు పోగుచేసే ఒక సంస్థ, పెద్ద హోటల్లో విందు, వేలం. "మంచి పనికి వెళ్తున్నాం, ముఖం అలా పెట్టకు" అని ముందే హెచ్చరించింది. పెట్టలేదు. అప్పటికింకా కారణం దొరకలేదు.

7 గంటలకు రమ్మన్నారు. వెళ్ళేసరికి హాలు బయట రిజిస్ట్రేషన్ బల్ల ఒక్కటే, దాని ముందు పెద్ద క్యూ. పేర్ల జాబితా అక్షర క్రమంలో లేదు, టికెట్లు అమ్ముడైన వరుసలోనే ప్రింటు తీసేశారట. వాలంటీరు అమ్మాయి ఒక్కో పేరు కోసం మొదటి పేజీ నుంచి చివరిదాకా వేలు పెట్టి వెతుకుతోంది పాపం. లోపలికి వెళ్ళడానికి మాకు 50 నిమిషాలు పట్టింది. మా టేబుల్ నంబరు 14 అన్నారు. హాల్లో ఉన్నవి 12. అక్క ఎవరిదో కుటుంబం పక్కన రెండు ఖాళీ కుర్చీలు చూసి నన్ను లాక్కెళ్ళి కూర్చోబెట్టింది.

గోడ వారన సైలెంట్ ఆక్షన్ పెట్టారు. వస్తువు ముందు కాగితం ఉంటుంది, దాని మీద కనీస ధర, ఎంతెంత చొప్పున పెంచాలో రాసి ఉంటుంది. మన నంబరు, మన పాట కింద రాసి రావాలి. గడువు ముగిసేసరికి అడుగున ఎవరిది ఉంటే వస్తువు వాళ్ళది. ఇక్కడ కాగితాలున్నాయి, పెన్నుల్లేవు. అక్క తన పెన్ను తీసింది, అది చేతులు మారి మారి అట్నుంచి అటే పోయింది. గడువెప్పుడో ఎవరూ చెప్పలేదు. ఓ పెయింటింగు మీద రెండుసార్లు పెంచి, మూడోసారి చూద్దామని వెళ్తే కాగితాలే లేవు. "ఎవరికి వచ్చిందమ్మా?" అంటే "చివర్లో చెప్తాం సార్" అంది ఇంకో అమ్మాయి. చివర్లోనూ చెప్పలేదు.

ఇవన్నీ సర్దుకుపోవచ్చు. నాకు మింగుడుపడనిది వేరే ఉంది.

స్టేజి మీద స్పాన్సర్లకు జ్ఞాపికలివ్వడం గంటన్నర సాగింది. ఒక్కొక్కరికీ ఫొటో, రెండు మాటలు. ఆ రెండు మాటలు ఎప్పుడూ రెండుతో ఆగవు. అంతసేపూ స్టేజి పక్కన ఒకావిడ చేతిలో మడత కాగితంతో కూర్చునే ఉంది. ఆపరేషన్ అయిన ఒక బాబు తల్లి. అసలు జనం జేబులో చెయ్యి పెట్టాల్సింది ఆవిడ మాట విన్నాకే. ఆవిడ మాట్లాడాక అక్కడికక్కడే, ఇంత ఇస్తామని రాసిచ్చే హామీ పత్రాలు పంచితే సగం పని అయిపోయేది. వీళ్ళు ముందు భోజనాల కౌంటర్లు తెరిచి, తర్వాత ఆవిడను పిలిచారు. మైకు ఒకటే కూత. ఆవిడ కాగితం చూసి చదువుతుంటే హాలంతా ప్లేట్ల చప్పుడు. ముందు వరసలో జ్ఞాపికలు అందుకున్నవాళ్ళ కుర్చీలు అప్పటికే ఖాళీ. అక్క ఒక్కతే చప్పట్లు కొట్టింది. సిగ్గుపడి నేనూ కొట్టాను.

మా వంతు వచ్చేసరికి వంటకాలు అయిపోయాయి. హోటల్ మేనేజర్‌ని అడిగితే ఆయన తప్పు లేదని తేలింది. ఎన్ని ప్లేట్లో నిర్వాహకులు ముందే ఖాయం చేసి చెప్పాలి, తిన్నా తినకపోయినా ఆ లెక్కకు బిల్లు పడుతుంది. అందుకని భయపడి తక్కువ చెప్పారు, టికెట్లు మాత్రం అమ్ముతూనే పోయారు.

ఆఖర్న "ఇంత వసూలైంది" అని ఓ పెద్ద అంకె చదివారు, హాలు మోగిపోయింది. అది మొత్తం వసూలు. హాలు అద్దె, ప్లేట్లు, లైట్లు, జ్ఞాపికలు తీసేస్తే పిల్లలకు మిగిలేదెంతో ఆ అంకెలో లేదు.

మర్నాడు అదే అడుగుతూ మెయిల్ పెట్టాను, మా టికెట్ డబ్బులో విందుకెంత, విరాళమెంత అని కూడా. మూడు వారాలకు జవాబొచ్చింది. "మీ ప్రోత్సాహానికి ధన్యవాదాలు" అని, కింద ఫొటోల లింకు. 200 పైచిలుకు ఫొటోలు. అక్క, నేను కూర్చుని అన్నీ చూశాం. జ్ఞాపికలవే. ఆ తల్లి ఒక్కదాంట్లో ఉంది, అదీ ఎవరిదో భుజం వెనక, కాగితం మడతపెట్టుకుంటూ.