'ఇందాకనే' అంటే ఎన్నింటికి?

పోయిన నెల ఒక రాత్రి పదకొండు దాటాక, ఒక కుర్రాణ్ణి ఆటోలో తీసుకొచ్చారు. విజయవాడ హైవే మీద, సూర్యాపేట దగ్గర చిన్న ఆసుపత్రి మాది. తొడ దగ్గర ప్యాంటు మధ్యలో ఇంకా తడిగా ఉంది, అంచుల్లో నెత్తురు ఎండి అట్టకట్టింది. పల్స్ 130, పై బీపీ 80. సిస్టర్ సెలైన్ పెడుతుంటే ఆటో అతన్ని అడిగాను.

"ఎన్నింటికి పడ్డాడన్నా?"

"ఇందాకనే మేడమ్."

ఇందాకనే అంటే పది నిమిషాలు కావచ్చు, నాలుగు గంటలూ కావచ్చు. నెత్తురు కారడాన్ని తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ అనే ఇంజెక్షన్ ఇవ్వాలా వద్దా అన్నది ఆ తేడా మీదే ఉంటుంది.

దెబ్బ తగిలిన చోట నెత్తురు గడ్డకట్టి కారడం ఆగాలి. పెద్ద దెబ్బలు తగిలినవాళ్లలో ఒక్కోసారి ఆ గడ్డను శరీరమే తొందరపడి కరిగించేస్తుంది. ఈ మందు ఆ కరగడాన్ని ఆపుతుంది. జపాన్‌లో ఉతాకో ఒకామోటో, ఆమె భర్త షోసుకే కలిసి 1962లో దీన్ని లోకానికి చెప్పారు. పసిబిడ్డను వీపున కట్టుకుని ల్యాబులో పనిచేసిందట ఆవిడ. కాన్పులో నెత్తురు పోయి చనిపోయే తల్లులను కాపాడాలన్నది ఆమె కోరిక. ఆ తల్లుల్లోనూ మందు పనిచేస్తుందని 20,060 మందితో చేసిన పరిశోధన 2017లో తేల్చింది. అప్పటికి ఆవిడ పోయి ఏడాది. ఆ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ప్రమాదాల కేసుల్లో దారి చూపించింది 2010లో వచ్చిన క్రాష్-2 అనే పరిశోధన. 40 దేశాలు, 274 ఆసుపత్రులు, 20,211 మంది. మన దేశపు పేషెంట్లూ అందులో ఉన్నారు. మరుసటి ఏడాది అవే లెక్కలను టైమ్ ప్రకారం విడదీసి చూశారు. గంటలోపు మందు పడినవాళ్లలో నెత్తురు పోయి చనిపోయింది వెయ్యికి 53 మంది, మందు పడనివాళ్లలో 77. అదే మూడు గంటలు దాటాక ఇస్తే లెక్క తిరగబడింది: మందు ఇచ్చినవాళ్లలో 44, ఇవ్వనివాళ్లలో 31. చవకగా దొరికే ఇంజెక్షన్ ఇది. కానీ ఆలస్యమైతే ఇదే ప్రాణానికి ముప్పు.

అందుకే ఆ రాత్రి "పేషెంట్ తాలూకు ఎవరు?" అని గట్టిగా అరిచాను. అన్న అప్పుడే పరిగెత్తుకొచ్చాడు. చేతులు వణుకుతున్నాయి. ఫోన్ తీసి చూపించాడు. పెట్రోల్ బంకు దగ్గర నుంచి తమ్ముడు చేసిన కాల్, 9.52. గోడ గడియారం 11.20. మూడు గంటలు దాటలేదు. వెంటనే ఒక గ్రాము పది నిమిషాల్లో ఎక్కించాం, తర్వాత ఇంకో గ్రాము ఎనిమిది గంటలకు సరిపడా డ్రిప్‌లో పెట్టి హైదరాబాద్ పంపించాం. ఆపరేషన్ అయింది, బతికాడు. మందువల్లే బతికాడా అంటే ఒక్క మనిషిని చూసి చెప్పలేను. అది వేలమందిని లెక్కపెడితేనే తెలిసేది.

2023లో వచ్చిన పాచ్ ట్రయల్ చదివి రెండు రోజులు దిగులుగా ఉన్నాను. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, జర్మనీల్లో 1,310 మందిని తీసుకుని, దాదాపు సగం మందికి ఆసుపత్రికి రాకముందే మందు మొదలుపెట్టారు, మిగతావాళ్లకు మందు లేని ఇంజెక్షన్ ఇచ్చారు. 28 రోజుల్లో చనిపోయినవాళ్లు మందు పడనివాళ్లలో నూటికి 21.8, పడినవాళ్లలో 17.3. ఆరు నెలల తర్వాత తమ పనులు తాము చేసుకోగలిగిన స్థితిలో ఉన్నవాళ్లు మాత్రం మందు పడినవాళ్లలో నూటికి 53.7, పడనివాళ్లలో 53.5, అంటే రెండు వైపులా దాదాపు ఒకటే. ఈ మందు దండగ అన్నారు నా స్నేహితులు కొందరు. నేను ఒప్పుకోను. ఆ కుర్రాడి అన్నను ఎదురుగా నిలబెట్టుకుని ఆ మాట అనలేను. అయితే బతికినవాళ్లు ఎలా బతుకుతున్నారో అడగడం మేం నేర్చుకోవాలి. డిశ్చార్జ్ కాగితం ఇచ్చాక మేం ఎవరికి ఫోన్ చేస్తున్నాం?

మా కేస్ షీటులో దెబ్బ తగిలిన టైమ్‌కి గడి లేదు. పైన ఖాళీలో ఎర్ర పెన్నుతో రాస్తున్నాం. టైమ్ ఎలా తెలిసిందో కూడా పక్కనే రాస్తాం: "అన్న ఫోన్, 9.52."

మొన్న ఆదివారం ఒక పెద్దాయన షీటు మీద "తెలియదు" అని రాయాల్సి వచ్చింది. తెల్లవారుజామున పాలవాడికి రోడ్డు పక్కన కనిపించాడట. బట్టల మీద నెత్తురు అప్పటికే పూర్తిగా ఎండిపోయింది. ఇంజెక్షన్ ట్రేలోనే ఉండిపోయింది.