నా బొమ్మను నలుగురిలో పెట్టడానికి ఆరేళ్లు పట్టింది

మా నాయన అనంతపురంలో ముప్పై ఏళ్లు బోర్డులు రాశాడు. సుభాష్ రోడ్డు, పాతూరు, టవర్‌క్లాక్ చుట్టుపక్కల ఒకప్పుడు ఎటు చూసినా ఆయన అక్షరాలు కనపడేవి. బడి సెలవుల్లో నేను వెంట పోయేదాన్ని. దారానికి సుద్దపొడి రుద్ది, ఒక కొస నా చేతికిచ్చి, ఇంకో కొస ఆయన పట్టుకుని గోడ మీద టప్పున కొట్టేవాడు. తెల్లటి గీత పడేది. ఆ గీత మీద అక్షరాలు మొదలయ్యేసరికి నిచ్చెన కింద నలుగురు చేరేవాళ్లు. టీ గ్లాసు పట్టుకుని ఒకరు, సైకిల్ దిగకుండా కాలు ఆనించి ఒకరు.

"అన్నా, ఆ లక్ష్మిలో ఒత్తులు ఇరుకైనట్టున్నాయే" అని ఒకరోజు ఎవరో అన్నారు. నాయన నిచ్చెన దిగాడు. రోడ్డు దాటి అవతలినుంచి చూశాడు. "అవునప్పా" అని మళ్లీ ఎక్కి, గుడ్డను కిరసనాయిల్లో ముంచి ఆ అక్షరం తుడిచేసి, కొత్తగా రాశాడు. తప్పు చెప్పిన మనిషి అది అయ్యేదాకా అక్కడే నిలబడ్డాడు. "ఇప్పుడు బాగుంది" అన్నాకే పోయాడు.

అట్లా వీధిలో పదిమంది ముందు పని చేసిన మనిషి కూతురిని నేను. అయినా నా బొమ్మ ఒకటి ఆన్‌లైన్ గ్రూపులో నిబ్బరంగా పెట్టడానికి నాకు ఆరేళ్లు పట్టింది. బొమ్మలు వేసే మా ఊరి పిల్లలు, ఆడవాళ్లు చాలామంది ఇప్పటికీ ఆ గడప దగ్గరే ఆగి ఉన్నారు కాబట్టి ఇది రాస్తున్నాను.

మొదటిసారి పెట్టింది 2018లో. అప్పటికే నేను ఒక ప్రైవేటు స్కూల్లో డ్రాయింగ్ టీచర్‌ని. రాత్రి గిన్నెలు కడిగి, పిల్లలు పడుకున్నాక, పది దాటితే ఆ టైమ్ నాది. లేపాక్షి గుడి పైకప్పు బొమ్మలు చూసి వేయడమంటే నాకు ప్రాణం. లేపాక్షి అప్పుడు మా జిల్లాలోనే ఉండేది, 2022లో శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది. హిందూపురంలో బస్సు మారి పొద్దున్నే చేరుకుని, మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూస్తూ నోట్‌బుక్కులో గీసుకునేదాన్ని. కిరాతార్జునీయం, ద్రౌపదీ స్వయంవరం, పార్వతీ కల్యాణం. పదహారో శతాబ్దంలో వేసిన ఆ ఆడవాళ్ల చీరలు చూడండి ఎప్పుడైనా. ఒకామె చీర మీదున్న డిజైన్ పక్కనామె చీర మీద ఉండదు.

ఆ చీరల్లో ఒకటి వేసి పెద్ద ఆర్ట్ గ్రూపులో పెట్టాను. వేలమంది ఉన్న గ్రూపు. నాలుగు లైకులు వచ్చాయి, ఒక "నైస్" వచ్చింది. తర్వాత ఒకాయన, "కన్ను తప్పు వేశారు. పక్కమొహానికి కన్ను అట్లా ఉండదు. ముందు అనాటమీ నేర్చుకోండి" అని రాశాడు. లేపాక్షిలో పక్కమొహానికి కూడా కన్ను నిండుగా, ఎదురుగా చూసినట్టే వేశారు. అది వాళ్ల పద్ధతి. ఆ ఒక్క ముక్క నేను రాసి ఉంటే సరిపోయేది. రాయలేకపోయాను. నాలుగుసార్లు టైపు చేసి నాలుగుసార్లు చెరిపేశాను. పొద్దున బడికి పోతే పిల్లల ముందు చాక్‌పీసు పట్టుకున్న చేతికి కూడా అనుమానం వచ్చింది.

ఆయన అన్న మాట కంటే, అని వెళ్లిపోవడం నన్ను ఎక్కువ బాధపెట్టిందని చాలా రోజులకు తెలిసింది. నాయన బోర్డు దగ్గర తప్పు చెప్పిన మనిషి నిలబడ్డాడు. ఇక్కడ నిలబడేవాళ్లు లేరు. బొటనవేలు ఒక్కసారి పైకి జరిగితే నా పదిహేను రాత్రుల పని వాళ్ల కళ్లముందునుంచి పోతుంది.

ఇంకో సంగతి ఆడవాళ్లకు చెప్పకుండానే తెలుస్తుంది. బొమ్మ పెట్టిన రెండో రోజునుంచి మెసేజిలు. హాయ్ అని, ఏ ఊరు అని, బొమ్మ కాదు మీ ఫొటో పెట్టండి అని. మా దూరపు చుట్టాలాయన ఒకరు ఇంట్లోవాళ్లతో, "ఆ యమ్మ రాత్రి పన్నెండింటికి ఫోన్‌లో ఏం చేస్తాంటుంది?" అని అడిగాడట. నేను చేస్తున్నది చీర అంచుకు ఎర్రమన్ను రంగు పూయడం. అది ఆయనకు ఎవరు చెప్తారు? "వాళ్లకు సిగ్గు, బయటికి రారు" అని ఆడ ఆర్టిస్టుల గురించి తేలిగ్గా అంటారు గానీ, ఆ సిగ్గులో సగం ఇట్లాంటి లెక్కలే.

అయినా మానలేదు. 2019 వినాయక చవితికి ముందు సొంతంగా ఒక వినాయకుణ్ణి వేశాను. మా అనంతపురం దేవుడు కదా, చేతిలో కుడుములకు బదులు వేర్లతో సహా పీకిన చెనిక్కాయ చెట్టు పెట్టాను. కాయలకు అంటుకున్న ఎర్రమట్టి కూడా వేశాను. ఈసారి బాగా నడిచింది, చాలామంది షేర్ చేశారు. పండగ మూడో రోజు కూరగాయలకు పోతుంటే ఒక మంటపం ముందు ఆరడుగుల ఫ్లెక్సీలో నా వినాయకుడు కూర్చుని ఉన్నాడు.

దగ్గరికి పోయి చూశాను. నేను పెట్టిన ఫొటో వెడల్పు 1080 పిక్సెళ్లు. పుస్తకంలో వేసే నాణ్యతకు అంగుళానికి 300 పిక్సెళ్లు కావాలంటారు, ఆ లెక్కన అది మూడున్నర అంగుళాలకు సరిపోయే బొమ్మ. దాన్ని ఆరడుగులకు సాగదీశారు. కన్ను గళ్లుగళ్లుగా విరిగిపోయింది. చెనిక్కాయలు గోధుమరంగు మచ్చలయ్యాయి. నాయన ప్రతి బోర్డుకూ కింద కుడి మూలన చిన్న అక్షరాలతో తన పేరు రాసి, పక్కన ఆర్ట్స్ అని పెట్టేవాడు. అది చూసే నేనూ కుడి మూలనే సంతకం పెట్టాను. ఫ్లెక్సీలో ఆ మూల మీద కమిటీ సభ్యుల ఫొటోలు వరసగా అతికించారు.

ప్రింట్ చేసిన షాపుకు పెన్సిల్ స్కెచ్ తీసుకుని పోయాను. కంప్యూటర్ ముందున్న అబ్బాయి మంచిగానే మాట్లాడాడు. "నెట్‌లో దొరికిందక్కా. నెట్‌లో ఉండేది అందరిదీ గదా" అన్నాడు. మా నాయన పని ఫ్లెక్సీలు వచ్చాకే ఆగిపోయింది. ఆ షాపులో నిలబడి అదంతా గుర్తొచ్చి నాకు గొంతు పెగల్లేదు. ఇంటికొచ్చి పెట్టిన బొమ్మలన్నీ తీసేశాను.

లేపాక్షి పైకప్పు మీద వేసిన పెద్ద వీరభద్రుడి బొమ్మలో, పాదాల దగ్గర గుడి కట్టించిన విరూపణ్ణ, ఆయన తమ్ముడు వీరన్న చేతులు జోడించి ఉంటారు. వేసిన చేతులు ఎవరివో మనదాకా రాలేదు. ఆ ఏడాది అక్కడికి పోయినప్పుడు వీరభద్రుణ్ణి చూడ్డం మాని ఎక్కడైనా మూలన పేరు లాంటిది ఉందా అని వెతుక్కుంటూ తిరిగాను.

తర్వాత నాలుగేళ్లకు పైగా ఏమీ పెట్టలేదు, వేయడం మాత్రం ఆపలేదు. ఆ ఖాళీలో కొంత చదువుకున్నాను. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. బొమ్మ వేసిన క్షణంనుంచే హక్కు మనది, రిజిస్టర్ చేయకపోయినా సరే. వేసినవాళ్లు బతికున్నంత కాలం, పోయాక ఇంకో అరవై ఏళ్లు ఉంటుంది. అందులో 57వ సెక్షన్ నాకు కంఠతా వచ్చేసింది. హక్కులు అమ్మేసినా, ఆ పని నాదని చెప్పుకునే హక్కు, దాన్ని నా పరువు పోయేలా పాడుచేస్తే అడిగే హక్కు నాతోనే ఉంటాయని దాని సారం. శిల్పి అమర్‌నాథ్ సెహగల్ ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌కు చేసిన పెద్ద కంచు కుడ్యశిల్పాన్ని ప్రభుత్వం పీకి గోడౌన్లో పడేస్తే ఆయన కోర్టుకు పోయాడు. 2005లో ఢిల్లీ హైకోర్టు ఆ సెక్షన్ కిందే ఆయన పక్షాన తీర్పిచ్చి, 5 లక్షలు పరిహారం ఇమ్మంది. చవితి ఫ్లెక్సీ కోసం నేను కోర్టుకు పోను. కానీ "నెట్‌లో ఉండేది అందరిదీ" అన్నప్పుడు "కాదు నాయనా" అని చెప్పడానికి ఇప్పుడు నా దగ్గర మాట ఉంది. అది చేతిలో ఉంటే నిలబడే తీరే మారుతుంది.

కొంచెం కుదుటపడుతున్నాను అనుకునేలోపు ఏఐ బొమ్మల గొడవ మొదలైంది. 2022లో లయాన్-5బి అనే జాబితా వచ్చింది. ఇంటర్నెట్‌లోని 585 కోట్ల బొమ్మల లింకులు, వాటి పక్కనున్న మాటలతో సహా అందులో ఉన్నాయి, మిషన్లకు బొమ్మలు నేర్పడానికి. ఆ డిసెంబరులో, బొమ్మలు పెట్టుకునే ఆర్ట్‌స్టేషన్ అనే వెబ్‌సైటులో ఆర్టిస్టులు తమ బొమ్మల స్థానంలో ఏఐ వద్దు అనే గుర్తు పెట్టి నిరసన చేశారు. మనం పెట్టేది మనుషుల కోసం. మనుషులు చూడకముందే ఎవరో మూటగట్టుకుని పోతున్నారంటే ఇక పెట్టడం ఎందుకనిపించింది. చికాగో యూనివర్సిటీ వాళ్లు 2023లో గ్లేజ్ అని ఒక సాఫ్ట్‌వేర్ ఉచితంగా ఇచ్చారు. మన కంటికి పెద్ద తేడా తెలియకుండా బొమ్మలో చిన్న మార్పులు చేసి, మిషన్ మన శైలిని సరిగ్గా పట్టుకోకుండా చేయడం దాని పని. వాడి చూశాను. నా పాత ల్యాప్‌టాప్‌లో ఒక్కో బొమ్మకు గంటకు పైగా పట్టింది. లేపాక్షి పద్ధతిలో రంగు చదునుగా పూస్తాం కాబట్టి ఆ మార్పులు సన్నటి మరకల్లా పైకి కనిపించాయి. బయట అందరికీ పెట్టే బొమ్మలకు వాడుతున్నాను, దాన్ని మాత్రమే నమ్ముకోలేదు.

మళ్లీ లోపలికి నన్ను లాగింది చిన్న వాట్సాప్ గ్రూపు. 2023లో తోటి టీచర్ చేర్చింది. ఇరవై మంది కూడా లేరు, అందరూ మన సీమవాళ్లే. కదిరినుంచి రిటైరైన డ్రాయింగ్ మాస్టారు, ఆళ్లగడ్డలో రాతిశిల్పం నేర్చుకుంటున్న అబ్బాయి, నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే ఇంటి కోడలు. పూర్తయిన బొమ్మ కాదు, సగంలో ఉన్నది పెట్టాలని, దానితోపాటు ఒక ప్రశ్న అడగాలని వాళ్ల నియమం. లైకులు లేవు, ప్రశ్నకు జవాబే ఇవ్వాలి.

ఎనిమిది నెలలు నేను చూస్తూ ఊరుకున్నాను. ఎవరూ "మీరెందుకు పెట్టడం లేదు" అని గుచ్చలేదు. నాకు అదే పెద్ద మేలు చేసింది. ఒకసారి తోలుబొమ్మల కోడలిని నేను విడిగా అడిగాను, మీరు మీ పూర్తి డిజైను ఎందుకు చూపరు అని. "మా మామ గీసిందక్కా. పూర్తిగా పెడితే నెల తిరక్కముందే ప్లాస్టిక్ షీటు మీద మిషన్‌తో కొట్టి అమ్ముతారు. మేము మేకతోలు మీద ఒక్కో రంధ్రం ఉలితో కొట్టాల" అంది. నిమ్మలకుంటనుంచి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆ ఊళ్లోనే ఈ భయం ఉంటే ఇది చేతగానితనం కాదని, పనిని కాపాడుకోవడమని నాకు అర్థమైంది. ఎంత చూపాలో, ఎవరికి చూపాలో తేల్చుకున్నాకే ఆమె గ్రూపులోకి వచ్చింది. నేనూ అదే తేల్చుకున్నాను. పూర్తి బొమ్మ చిన్న సైజులోనే. సంతకం మూలన కాదు, చీర అంచు డిజైన్లో కలిపేసి. తెలియనివాళ్లనుంచి మెసేజిలు రాకుండా సెట్టింగు మార్చి. పడుకునే ముందు పెట్టకూడదు, పెడితే నిద్ర రాదు.

2024 మార్చిలో ఒక ఆదివారం, సగం రంగు వేసిన చీర కుచ్చిళ్లు పెట్టాను. "మడత లోపలి రంగు ముదురు చేయాలా, గీతతోనే వదిలేయాలా?" అని అడిగాను. చేతులు చెమటలు పట్టాయి. పది నిమిషాలకు మాస్టారు రాశారు: "అమ్మా, మూడో మడత దగ్గర గీత రెండుసార్లు పోయింది. మొదటిది ఎందుకు వద్దనుకున్నావు?"

ఆ ప్రశ్న చూసి చాలాసేపు అలాగే కూర్చున్నాను. నా గీత మీద గీత పడిన చోటు ఒక మనిషి చూశాడు. ఎందుకని అడిగి జవాబు కోసం ఆగాడు. నేను వివరంగా రాశాను, లేపాక్షి కన్ను గురించి కూడా, ఆరేళ్ల కింద రాయాల్సిందంతా. ఆయన తిరిగి రాశారు, ఆళ్లగడ్డ అబ్బాయి రాతిలో మడత ఎట్లా చెక్కుతారో ఫొటో తీసి పెట్టాడు. రాత్రి దాకా నడిచింది. మడత లోపల గీతతోనే వదిలేశాను.

పెద్ద గ్రూపుల్లో కూడా ఇప్పుడు పెడుతున్నాను, నెలకు ఒకటి రెండు. అక్కడ పెద్దగా ఏమీ ఆశించను. మా బడిలో ఒక పదో తరగతి పాప రీల్స్‌లో వాళ్లంతా ఎంత బాగా వేస్తున్నారో చూసి స్కెచ్‌బుక్కే మూసేసింది. దాన్ని ఇంట్లోవాళ్లను అడిగి ఈ చిన్న గ్రూపులోకి తెచ్చాను. ఇంకా ఏమీ పెట్టలేదు. పెట్టమని నేను అడగలేదు.

మొన్న సంక్రాంతికి నాయన దగ్గర ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. డెబ్బై దాటాడు, చేయి కొంచెం వణుకుతుంది. పాత ఎనామెల్ డబ్బా తెరిచి, ఫ్లాట్ బ్రష్‌తో రేకు ముక్క మీద శ్రీ రాస్తుంటే వీడియో తీసి గ్రూపులో పెట్టాను. వెంటనే ఆళ్లగడ్డ అబ్బాయి అడిగాడు, పెయింటు కారకుండా అంత పలచగా ఎట్లా వస్తుంది తాతా అని.

"ఎవురెవురు చూస్తాండారు?" అన్నాడు నాయన. పేర్లు, ఊర్లు చదివి చెప్పాను. కదిరి, ఆళ్లగడ్డ, నిమ్మలకుంట. విని కళ్లద్దాలు సరిచేసుకుని రేకు ముక్కను దూరంగా గోడకు ఆనించాడు. నాలుగడుగులు వెనక్కి నడిచి చూశాడు.

"ఆ పిల్లోనికి చెప్పు, టర్పెంటైన్ రెండు చుక్కలే, ఎక్కువైతే కారుతుందని" అన్నాడు. గుడ్డ కోసం చేయి చాపాడు. "ఇంగోసారి తీయి. క్రావడి సరిగ్గా రాలేదు."